రెండో సంతకం

మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె నా ప్రాజెక్టు జోడీ. ఇద్దరం కలిసి ఓ డీజిల్ ఆటోను బ్యాటరీతో నడిచేలా మారుస్తూ ఉండేవాళ్లం. ఆటోను నడిపి ఆపిన ప్రతిసారీ ఆమె చెప్పు విడిచి, బ్యాటరీ పెట్టెకు అరికాలు ఆనించి ఎంత వేడెక్కిందో చెప్పేది.

"మా చేన్ల క్యారెట్లు పీకి పీకి చేతులు మొద్దుబారినయే. కాలే నా మీటరు" అని నవ్వేది. మీటరు పెట్టి చూస్తే ఇంచుమించు అంతే ఉండేది. ఎవరూ లేనప్పుడు నేనూ కాలు ఆనించి చూశాను. నాకేమీ తెలియలేదు.

పొగ లేని బండ్ల తయారీకి ప్రభుత్వం ఇచ్చే సాయం కోసం ఇద్దరి పేర్లతో దరఖాస్తు పెట్టాం. అది మంజూరయ్యేసరికి నాకు ఎనిమిదో నెల. ఆ తర్వాత పనంతా ఆమే చేసింది.

ఇవాళ సాయంత్రం ఆ ఆటో నడుపుకుంటూ చేవెళ్లలోని మా ఇంటికి వచ్చింది. ఏ బండి చప్పుడైనా బిడ్డ ఎక్కడుందోనని ఉలిక్కిపడేదాన్ని, ఈ ఆటో వాకిట్లో ఆగేదాకా నాకు వినబడనే లేదు. అంత బాగా చేసింది. నాకు కడుపు మండిపోయింది.

"రెండో విడత పైసలు రావాలంటే నీ సంతకం గూడ కావాలెనే. రేపే ఆఖరు. ఆఫీసోళ్లు నీ పేరు తీసెయ్యమన్నరు, నేనే తియ్యనియ్యలే" అంటూ కాగితం చాపింది.

"మా ఆయనను అడగాలె. ఊర్ల లేడు" అన్నాను.

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది: "ఇంకొక్క ముద్ద తిను బిడ్డా!"

ఆమె నా మొహం వైపు చూడలేదు. కాగితం అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన పెన్ను పెట్టింది.

"పొద్దుగాల వస్త తియ్. అప్పటికి అన్న ఊరి నుంచి వస్తడు."