గాజులవ్వ ఫోన్‌లోని పేర్లు

మోకాళ్లు మొరాయించడంతో సిరిసిల్ల గాజులవ్వ కుల్సుమ్ బీ, ఇల్లిల్లూ తిరిగి గాజులమ్మే బుట్టను మూలన పెట్టేసింది. ఆమె కూతురు అల్ఫియా ఊరుకునే రకం కాదు. "ఇంట్ల కూసోనే అమ్ముదం అమ్మీ" అంటూ ఫోన్‌లో అమ్మకాల యాప్ ఒకటి దింపింది.

దింపిందో లేదో అది ప్రశ్నలు మొదలుపెట్టింది. కెమెరా వాడుకోవచ్చా? "గాజుల ఫొటోలు పెట్టాలె గద, ఇయ్యి" అంది కుల్సుమ్ బీ. ఎక్కడున్నారో చూడొచ్చా? "మనిల్లు తెల్వకుంటే సరుకు తీస్కపోను ఎట్లస్తరు? ఇయ్యి." ఫోన్‌లోని పేర్లూ నంబర్లూ అన్నీ చూడొచ్చా?

"గవెందుకు?"

"నీకు ఎరుకైనోళ్లను ఒకలకొకలను చూపెడ్తదట. ఒప్పుకోకపోతే తెరుచుకోదేమో" అని అల్ఫియా వేలు పెట్టబోయింది. తల్లి చటుక్కున ఫోన్ లాక్కుంది.

ఆ పేర్లు ఊరికే వచ్చాయా! ఎన్ని వాకిళ్లు, ఎన్ని చేతులు! పిడికిలి మెత్తగా నొక్కి గాజు ఎక్కిస్తుంటే ఆడవాళ్లు కడుపులోని మాట తమకు తెలియకుండానే బయటపెట్టేవాళ్లు. మరమగ్గాల మోతలో పక్కింటికి వినపడేది కాదు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు.

ఆ పేర్లలోనే రాధిక ఉంది. మొగుడి దెబ్బలు పడలేక ఇల్లు విడిచి, తంగళ్ళపల్లిలో బీడీలు చేసుకుని బతుకుతోంది. కొత్త నంబరు గాజులవ్వకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. అత్త వజ్రమ్మ కనబడినప్పుడల్లా తియ్యతియ్యగా అడుగుతుంది: "గాజులవ్వా, మా రాధిక ఏడుంటున్నదో ఎరుకనా?" నమాజు చదివే నోటితోనే కుల్సుమ్ బీ తెలియదని అబద్ధమాడుతుంది. ఆ వజ్రమ్మ నంబరూ ఈ ఫోన్‌లోనే ఉంది. యాప్ పోయి కోడలిని అత్తకు చూపిస్తే?

"వద్దని కొట్టు. తెరుచుకోకుంటే పాయె" అంటూ ఫోన్ కూతురికి తిరిగిచ్చింది.

అల్ఫియా మూతి ముడుచుకుని వద్దని నొక్కింది. యాప్ నిక్షేపంగా తెరుచుకుంది.

కుల్సుమ్ బీకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. "అంటే గా పేర్లతోని దీనికి పనే లేదన్నట్టు! మరెందుకడిగింది?"

"మన పనికి గాదు అమ్మీ, వాళ్ల పనికి. ఎంతమంది ఎరుకైతే వాళ్లకు గంత యాపారం. రేపు మళ్ల అడుగుతది సూడు."

"అడగనీ బిడ్డా. అడిగినోళ్లకల్లా చెప్పుకుంట పోతే, గిన్నేండ్లు నా చేతుల చెయ్యి ఎవలు పెడుదురు?"