ఆర్ఫా పొయ్యి దగ్గర ఆగిన కోర్టు

బ్రెట్‌వెల్ కౌంటీ కోర్టు ముందు ఒక రాయి ఉంది. పెద్దలు బాగా ఆలోచించి, కౌంటీకి నట్టనడుమ చోటు చూసి ఈ కోర్టు కట్టారని దానిమీద చెక్కారు. ఆలోచనా లేదు, పాడూ లేదు. కోర్టు అక్కడ నిలిచింది బురద వల్లా, ఆర్ఫా స్టబుల్‌ఫీల్డ్ వండిన చిక్కుడుగింజల వల్లా.

ఆర్ఫాది విల్లో బెండ్ అనే ఊరు. కోర్టు మొదట అక్కడే ఉండేది. మొగుడు పోయాక కోర్టుకు ఎదురుగా చెక్కల పాక వేసుకుని పూటకూళ్లు నడిపేది. దావాలకు వచ్చిన రైతులు, గెలిచినవాడూ ఓడినవాడూ, ఆవిడ బల్ల దగ్గరే తినేవాళ్లు. చెయ్యి ఎంత రుచో నోరు అంత కారం. రొట్టె ముక్క వదిలేసినవాడి వంశమంతటినీ దులిపి ఆరేసేది.

అలా ఉండగా ప్రాస్పర్ అనే ఊరికి రైలు వచ్చింది. కోర్టూ మాకే కావాలని ఆ ఊరివాళ్లు ఓట్లలో గెలిచారు. గెలిచి ఊరుకున్నారా? రెండంతస్తుల చెక్క కోర్టును దుంగల మీదికెత్తి, ఎద్దులు కట్టి, గడ్డిమైదానం మీదుగా లాక్కుపోయారు. ప్రాస్పర్‌లో పియానో ఉన్న హోటలే ఉంది. అక్కడ ఆర్ఫా రొట్టె ఎవడికి కావాలి? కోర్టు పోతే ఆవిడ పొయ్యి ఆరినట్టే. ఒక పూట కరువుతీరా ఏడ్చింది. ఆ తర్వాత పాక విప్పి, ఇనప పొయ్యితో సహా బండికెక్కించి, కోర్టు వెనకే బయల్దేరింది.

"ఎక్కడికత్తా, కోర్టుతో కాపురానికా?" అన్నాడు ఎద్దులు తోలే జెస్పర్.

"నువ్వు తోలే తీరుకి దారిలోనే కాటికి చేరేలా ఉన్నాను. నోరు మూసుకుని తోలు!"

సగం దారిలో, వాగు దాటగానే, వాన పట్టుకుంది. కోర్టు బురదలో కూరుకుపోయింది. నేల ఆరితే తప్ప కదలదన్నారు. తగాదాలు ఆగుతాయా? జడ్జి టిబ్స్‌గారు అక్కడే విచారణ మొదలెట్టారు, ఆర్ఫా పక్కనే పొయ్యి ముట్టించింది. ఉత్తరాన ఇసుకదిబ్బల వాళ్లకీ, దక్షిణాన ఏటి ఒడ్డు వాళ్లకీ ఆ చోటు ఒకే దూరం. పొద్దున వచ్చి, పని చూసుకుని, కడుపునిండా తిని, చీకటి పడకుండా ఇల్లు చేరుతున్నారు.

ఎండలు ముదిరి నేల గట్టిపడింది. జెస్పర్ రెట్టింపు ఎద్దులతో దిగాడు. గొలుసుల చప్పుడు వినగానే ఆర్ఫా గరిటెతోనే బయటికి పరుగెత్తింది. సరిగ్గా భోజనాల వేళ. బల్ల చుట్టూ ఉన్న రైతులు చిక్కుడుగింజల గిన్నెలతో లేచి, పోయి కోర్టు మెట్ల మీదా, కిటికీల్లోనూ, మేడమీదా కూర్చున్నారు.

"దిగండయ్యా, లాగాలి!" అని అరిచాడు జెస్పర్.

"లాగు," అన్నాడు ఇసుకదిబ్బల ముసలి ఎజ్రా, చెంచా నాకుతూ. "ఇన్నాళ్లకి వెలుగుండగా ఇల్లు చేరుతున్నా. మా ఆవిడ నా మొహం గుర్తుపడుతోంది. నేను దిగను."

ఎద్దులు రొప్పాయి. కోర్టు జానెడు కూడా కదల్లేదు.

"మీరైనా చెప్పండి జడ్జిగారూ!"

"భోజన విరామం. అయ్యాక చూద్దాం," అన్నారాయన కిటికీలోంచి.

"ఎప్పుడవుతుందండీ?"

"ఆర్ఫాగారు మళ్లీ వడ్డిస్తున్నారుగా!"

ఆర్ఫా నవ్వుతోంది, కళ్లనీళ్లు కారిపోతున్నాయి. తన కోసం ఒక్కరు కూడా నిలబడరనుకుంది ఆ పిచ్చి మనిషి. జెస్పర్ కాసేపు గొలుసు వంకా, కాసేపు గిన్నెల వంకా చూసి, కాడి విప్పేశాడు.

"నాకూ పెట్టత్తా."

"ముందు ఎద్దులకి నీళ్లు పెట్టు. కష్టపడింది అవి."

ప్రాస్పర్ వాళ్లు ఎంత గింజుకున్నా ఆ సంవత్సరం ఓట్లలో కోర్టు అక్కడే ఉండాలని తేలింది. తేలిన మర్నాడే ఆర్ఫా పాక వెనక గొయ్యి తవ్వి ఆపిల్ మొక్క నాటింది.

"కాపుకొచ్చేసరికి ఏళ్లు పడతాయమ్మా," అన్నారు జడ్జిగారు.

"పట్టనివ్వండి," అంది ఆర్ఫా, మన్ను కాలితో అదుముతూ. "నేనెక్కడికి పోతాను?"