ఎడమ కంటికి కొలతలు తీసిన మేస్త్రి

మేస్త్రి పోయాడు. మొన్న ఆదివారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "నాన్న నిద్రలోనే వెళ్లిపోయాడు, మీకు చెప్పాలనిపించింది" అంది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ కాఫీ తెచ్చిచ్చి, పక్కన కూర్చుని, ఒక్క మాటా అనలేదు. మా ఆవిడ మాట్లాడకుండా కూర్చుందంటే పోయినవాడు ఎంతటివాడో మీరే ఊహించుకోండి.

"మేస్త్రి ఎవరు తాతా? మన తెలుగు అంకులా?" అని మనవరాలు అడిగింది. కాదమ్మా, పెన్సిల్వేనియా కొండల్లో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పోయిన తెల్లాయన. మేస్త్రి అన్నది నేను పెట్టుకున్న పిలుపు. ఆయన తుపాకీలు చేసేవాడు. ఇప్పటి రకం కాదు. గొట్టం మూతిలోంచి మందూ గుండూ దట్టించి, గుర్రమనే మీట లాగి వదిలితే చెకుముకి రాయి ఇనుము మీద కొట్టుకుని, రవ్వలు లేచి పేలే పాతకాలపు పొడుగు తుపాకీలు. మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలతలు తీసి, ఒక్కోటీ చేత్తో చేసేవాడు. దర్జీ దగ్గర కుట్టించుకున్న చొక్కా లాంటి తుపాకీ నాకొకటుంది. అది ఎలా వచ్చిందో చెబితే ఆయన ఎలాంటివాడో తెలుస్తుంది.

డెబ్బైల చివర్లో మాట. మా ఆవిడ నర్సు ఉద్యోగానికి ఈ దేశం వచ్చింది. నేను ఆవిడ సామానుతో పాటు వచ్చాను. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి కాబట్టి నన్ను ఎవరూ డాక్టరని పొరపాటు పడలేదు. కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో చేరాను. అక్కడివాళ్లు ఒక శనివారం నన్ను పొలాల వైపు తీసుకెళ్లారు. ఒకాయన చెకుముకి తుపాకీ ఎత్తాడు. టక్కుమంది, చిన్న మెరుపు మెరిసింది, అది గుటక వేసినట్టు ఒక్క క్షణం ఆగి ఢామ్మని పేలింది. తెల్లటి పొగ ఆయన్ని మింగేసి, మళ్లీ మెల్లగా బయటికి వదిలింది. నా పెళ్లిచూపుల్లో కూడా నాకంత దడ రాలేదు. ఈ ముక్క మా ఆవిడకి చూపించకండి.

"మనింట్లో కోడిగుడ్డు కూడా తినం. తుపాకీతో ఏం చేస్తారండీ?" అంది ఆవిడ.

"కాగితానికి గురిపెట్టి కొడతానే."

"కాగితమైతే నా కత్తెర ఉంది, తీసుకోండి."

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరి తుపాకీ అరువు తెచ్చుకుని కొట్టినా కాగితానికి తగిలేది కాదు. నీ చేతులు పొట్టి అని ఒకడు, మెడ పొడుగని ఒకడు. చివరికి, కొలతకి చేసే మనిషి ఒకాయన కొండ అవతల ఉన్నాడని, ఆయన అందరికీ చేయడని చెప్పారు. మా ఆవిడ ఒప్పుకుంది కానీ మెలిక పెట్టింది. "ఒక్కటంటే ఒక్కటి. అది కుదరలేదనుకోండి, ఈ జన్మలో ఇంకోటి అడగకూడదు." నేను తలూపాను. ఆవిడ మాట మీద నిలబడే మనిషని నాకు తెలుసు. అందుకే భయం.

ఆయన్ని వెతకడానికే చాలా ఆదివారాలు పట్టాయి. పెట్రోలు బంకులో అడిగితే తూర్పన్నారు, దాణా కొట్లో అడిగితే పడమరన్నారు. ఆఖరికి మట్టిరోడ్డు చివర ఒక కొట్టం ముందు కారు ఆగింది. చేతులనిండా నూనె ఉండటంతో మోచేత్తో తలుపు తోసుకుని ఆయన బయటికొచ్చాడు.

"దారి తప్పారా?"

"మ్యాప్ మా ఆవిడ చూసింది, తప్పకుండా ఎలా ఉంటాం? కానీ రావాల్సింది ఇక్కడికే."

ఆయన నవ్వాడు. ముందు భుజాలు కదిలేవి, తర్వాతెప్పటికో నోరు తెరుచుకునేది. అలా నవ్వే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"దేన్ని కొడతావు?"

"కాగితాన్ని."

"మంచిది. కాగితం వెనకాల అడవంతా పరిగెత్తక్కర్లేదు."

ఆ మాటతో మా ఆవిడ ఆయన పార్టీలో చేరిపోయింది. ఇప్పటికీ రాజీనామా ఇవ్వలేదు.

ఆయన దర్జీలా టేపు తీశాడు. చెయ్యి, మెడ, బుగ్గ ఎముక, భుజం అన్నీ కొలిచాడు. తుపాకీ ఆకారంలో కోసిన చెక్క ఒకటిచ్చి భుజానికి పెట్టమన్నాడు. కుడి భుజానికి పెట్టాను.

"ఎప్పుడూ ఈ భుజమేనా?"

"ఎప్పుడూ ఇదే."

నేను పుట్టుకతో ఎడమచేతి వాటంవాణ్ణి. మా నాయనమ్మ ఊరుకుంటుందా? అన్నం ముందు కూర్చోబెట్టి ఎడమ అరచేతికి గుడ్డ కట్టేసేది. బడికెళ్లే నాటికి రాయడం, తినడం, దండం పెట్టడం అన్నీ కుడిచేత్తోనే. ఎవరేమిచ్చినా కుడిచెయ్యే ముందుకెళుతుంది. ఎడమచెయ్యి మనవాళ్లు దేనికి వాడతారో మీకు వేరే చెప్పాలా? అంత ముచ్చటైన వస్తువుని ఆ వైపు పెట్టుకోవచ్చన్న ఊహే నాకు రాలేదు.

ఆ చలికాలమంతా, వీలైనప్పుడల్లా వెళ్లి చూసేవాణ్ణి. పులిచారల్లాంటి వంపులున్న మేపుల్ చెక్క. గరుకు కాగితం ముట్టేవాడు కాదు. పగిలిన గాజుపెంకుతో చెక్కని గీకి, పొట్టు తీసి వాసన చూసేవాడు. మా ఆవిడ పంపిన నిమ్మకాయ పచ్చడి రొట్టెకి రాసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం రాసుకునేవాడు. ఎప్పుడవుతుందని అడిగితే, "తొందరైతే కొట్టుకెళ్లు. అక్కడ ఎవరికీ సరిపోనివి బోలెడుంటాయి" అనేవాడు.

మంచు కరిగాక ఒక రోజు, దాదాపు పూర్తయిన తుపాకీని నా చేతిలో పెట్టాడు. ఆ రోజు మా ఆవిడ కూడా వచ్చింది. భుజానికి ఎత్తాను. అందం చెప్పలేను. కానీ గొట్టం ఒక దారి, నా చూపు ఒక దారి.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది."

ఎలా చెప్పమంటారు? మన కోసం ఒళ్లు వంచి చేసినవాడు ఎదురుగా నిలబడి మన మొహంలోకి చూస్తుంటే, బాగాలేదని అనడం మనకి చేతనవునా? వియ్యాలవారింట్లో ఉప్పులేని పప్పు మారు వడ్డించుకునే మనుషులం.

"నిజంగానా?"

"ఫస్ట్ క్లాస్!"

ఆయన నన్ను అలాగే చూశాడు. ఒక ఎండుటాకు తీసి నడిమధ్య చిల్లు పెట్టి నాకిచ్చాడు. "చెయ్యి చాచి పట్టుకో. రెండు కళ్లూ తెరిచి, ఆ చిల్లులోంచి నా ముక్కు చూడు." చూశాను.

"ఇటునుంచి నీ కన్ను నాకు కనిపిస్తోంది. అది ఎడమ కన్ను. నువ్వు గురి చూసేది దాంతోనే."

అక్కడితో అయిపోయేదే. కానీ మా ఆవిడ ఉందిగా. "ఈయనది అసలు ఎడమచేతి వాటమే. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ గుడ్డ కట్టి మాన్పించింది" అని ఇంగ్లీషులో మొత్తం పురాణం విప్పేసింది. నేను బల్ల కింద చోటుందా అని చూశాను.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ తుపాకీని భుజం మార్చి పెట్టుకుంటే సరిపోదు. రవ్వలు లేచే వైపు సరిగ్గా నా ముక్కు ముందుకొస్తుంది. కన్ను మూసుకోకుండా ఎవడూ కొట్టలేడు. అంటే ఆయన చలికాలమంతా చేసిన పని పోయినట్టే. నాకున్న ఒక్క అవకాశమూ పోయినట్టే. మా ఆవిడ షరతు నా చెవిలో మోగుతోంది.

"కుడిదే అలవాటు చేసుకుంటాను. ఇన్నేళ్లూ అన్నీ చేసుకోలేదా?" అన్నాను.

"నీకు అలవాటు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో నన్ను కలపకు" అన్నాడు. లేచి తుపాకీని తీసుకెళ్లి గోడ మేకులకి తగిలించాడు. "మేపుల్ మళ్లీ పెరుగుతుంది. నీకు ఇంకో కన్ను మొలవదు."

తిరిగొచ్చేటప్పుడు కారులోంచి ఊరి దీపాలు కనిపించాక మా ఆవిడ అంది, "గోడకి తగిలించింది మనింటికి రాలేదు కాబట్టి, అది లెక్కలోకి రాదు." ఆవిడ మాట మీద నిలబడే మనిషని చెప్పాను కదా. ఆ ఒక్కసారీ కొంచెం పక్కకి జరిగి నిలబడింది.

రవ్వలు ఎడమ వైపు లేచేలా చేసిన లాక్, అంటే చెకుముకి రాయిని కొట్టించే మర, ఎక్కడా దొరక్కపోతే, ఇనుము కాల్చి, ఆకురాయి పట్టి ఆయనే చేసుకున్నాడు. అదనంగా ఏమీ అడగలేదు. అసలు ధర సంగతి మా ఆవిడకి ఇప్పటికీ సగమే తెలుసు. ఇది చదివాక మిగతా సగం అడుగుతుంది, అప్పుడు నా కోసం దేవుడికి దండం పెట్టుకోండి.

తర్వాతి శరత్కాలంలో ఫోన్ చేసి రమ్మన్నాడు. తుపాకీ తెచ్చి నా ముందుకి చాచాడు. నా కుడిచెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఆయన తుపాకీ వెనక్కి లాక్కున్నాడు.

"ఆ చెయ్యి కాదు."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెట్ల వైపు చూసింది. నాయనమ్మ ఎక్కడో పైనుంచి గుడ్డపీలిక వెతుక్కుంటూ ఉంటుందని తెలుసు. అయినా ఎడమచెయ్యి చాచాను. ఆయన అందులో పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక మంచి వస్తువుని ఆ చేత్తో అందుకోవడం నాకదే మొదలు. నాకు జాగ్రత్తలు నేర్పినవాళ్లు, మర్యాదలు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు, అందరికీ రుణపడే ఉన్నాను. నేనెలా పుట్టానో అలా నిలబడమని చెప్పింది మాత్రం ఈ పరాయి దేశపు మేస్త్రి ఒక్కడే.

కొట్టం వెనక చెట్టుకి కాగితం తగిలించి ఉంది. మందు పోసి, గుండు దట్టించి, తుపాకీని ఎడమ భుజానికి ఎత్తాను. అది వచ్చి బుగ్గకి ఆనుకుంది, నేను వెతుక్కోలేదు. టక్కుమంది, మెరిసింది, పేలింది. పొగ మమ్మల్నిద్దర్నీ కప్పేసింది. మా ఆవిడ కాగితం వైపు పరుగెత్తి, "తగిలిందండీ, తగిలింది!" అని కేకలు పెడుతోంది. పొగ విడిపోయేసరికి మేస్త్రి కాగితం వైపు చూడటం లేదు. నా మొహానికి జానెడు దూరంలోకి వంగి, నేను రెప్ప వేశానా లేదా అని నా ఎడమ కంట్లోకే చూస్తున్నాడు. ఆయన భుజాలు అప్పుడే కదలడం మొదలెట్టాయి.