వాసాలకు వేలాడిన తలుపులు

పోయిన వారం రేపల్లెలో మా అల్లుడి వర్క్‌షాపు చూడటానికి వెళ్ళాను. రంగు వేసిన తలుపు రెక్కల్ని ఆరబెట్టడానికి చక్రాల స్టాండు ఒకటి కొన్నాడు. మెట్లు మెట్లుగా ఇనప చేతులు, ఒక్కో చేతి మీద ఒక్కో రెక్క. మంచం పట్టేంత చోటులో ఇరవై రెక్కలు ఆరుతున్నాయి. "ఎలా ఉందండి మావయ్యగారూ?" అన్నాడు. బాగుందన్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఈ విద్య నాకు నేర్పింది మా అత్తగారని మాత్రం చెప్పలేదు. చెబితే నమ్మడు. ఆవిడ ఏనాడైనా ఉలి పడితే కదా!

అప్పట్లో తెనాలిలో, నందివెలుగు రోడ్డు మీద నాకో రేకుల షెడ్డు ఉండేది. పనితనానికి నాకు లోటు లేదు, ఆ మాట నేనే చెప్పుకుంటాను. లోటల్లా చోటుకే. రెండు రెక్కలు పడుకోబెడితే నేను ఒంటికాలి మీద నిలబడాల్సిందే. అలాంటి చోట భట్టిప్రోలు చర్చి వాళ్ళకు పాటల పుస్తకాల బీరువా ఒప్పుకున్నాను. ఎనిమిది రెక్కలు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేసి తెరవాలి. అది కుదిరితే చర్చి బల్లలన్నీ నాకే ఇస్తామన్నారు, కుదరకపోతే వేరే మేస్త్రిని చూసుకుంటామన్నారు. సోమవారం వార్నిష్ వేసి, లోపల చోటు లేక రెక్కల్ని రోడ్డు వారన ఇటుకల మీద పరిచాను, నూర్పిళ్ళ రోజులని తెలిసి కూడా! ఎదురు చేలో మిషను మొదలైంది, గాలి పొట్టునంతా ఇటు తోలింది. అరగంటలో నా రెక్కలు నువ్వులద్దిన అరిసెల్లా తయారయ్యాయి. బుధవారమంతా ఉప్పుకాగితంతో గీకాను. మళ్ళీ వార్నిష్ వేస్తే ఆరబెట్టేది ఎక్కడ?

మా అత్తగారు చీరాల నేతింటి మనిషి. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చి, షెడ్డు వెనకున్న మా ఇంట్లోనే ఉన్నారు. మా పెళ్ళై నాలుగేళ్ళైనా అల్లుడితో నేరుగా మాట్లాడటం ఆవిడకు మర్యాద కాదు. మజ్జిగ కావాలేమోనని కూడా కూతురితోనే అడిగించేవారు. నేనూ ఏం చెప్పాలన్నా మా ఆవిడతోనే. ఆ రోజు గుమ్మం వెనక నుంచి మాట వినపడింది.

"అమ్మాయ్, మీ ఆయన్నడుగు. కింద చోటు లేకపోతే పైన లేదా ఏంటి? మనింట్లో మగ్గం పోను నడవటానికే చోటుండదు. రంగేసిన నూలంతా నెత్తిమీద దండేలకే కదా ఆరేది!"

నాకు రోషం వచ్చింది. నూలూ చెక్కా ఒకటేనా? "వేలాడదియ్యడానికి కొక్కెం గుచ్చితే చెక్కకి కన్నం పడదా అని అడుగు," అన్నాను మా ఆవిడతో.

"మడతబందు బిగించే చోట గుచ్చితే ఆ కన్నం ఎవరికి కనపడుద్దంట?"

వాసాలకు తీగలు కట్టి, బందులు వచ్చే అంచుకు కొక్కేలు దిగేసి, ఎనిమిదింటినీ వేలాడదీశాను. నిలువుగా ఉంటే కారుతుందని వార్నిష్ పల్చగా వేశాను. రెండు వైపులా ఒకేసారి ఆరుతున్నాయి, దుమ్ము వాలే వీలు తక్కువ, కింద నేల నేలంతా నాదే. రెక్కకీ రెక్కకీ మధ్య జానెడు ఎడం ఉందో లేదో ఆవిడే వచ్చి కొలిచారు.

శుక్రవారం పొద్దున రెండో పూత వేశాక, కింద పడ్డ మేకు కోసం వంగాను. మా ఆవిడ ఊళ్ళోకి వెళ్ళింది.

"అల్లుడుగారూ, లేవమాకండి! తల తగులుద్ది!"

తడి రెక్క కింద అలాగే బిగుసుకుపోయాను. ఇద్దరికీ సిగ్గేసింది. "ఎడం పక్కకి జరిగి లేవండి," అన్నారు మెల్లగా.

ఆదివారం బీరువా చర్చిలో తెరిచారు, బల్లల పనీ నాకే వచ్చింది. ఆ తర్వాత పోయేదాకా ఆవిడ నాతో నేరుగానే మాట్లాడారు, ఎక్కువగా నా పనిలో వంకలు పెట్టడానికే. ఇప్పుడు ఆ వంకలే నాకు కావాలనిపిస్తుంది. మర్యాద పేరుతో మేమిద్దరం మాటల్లేకుండా పారేసుకున్న ఆ మొదటి నాలుగేళ్ళు, నాకెంత పనితనం ఉన్నా తిరిగి చేయగలిగినవి కావు.