నా చెల్లెలి ప్రోగ్రెస్ కార్డు

“అక్కా, నా ప్రోగ్రెస్ కార్డు మాత్రం ఆళ్లకియ్యకే.”

“ఎందుకియ్యొద్దే? ఎన్నడన్న ఫెయిలైనవా?”

“ఇయ్యకంటే ఇయ్యకు.”

ఆస్పత్రి మంచం మీద నా చెల్లెలు నాతో అన్న ఆఖరి మాట అదే. సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఇక్కడ సూరత్ పక్కనున్న ఉన్‌లో మన తెలుగు సంఘం వాళ్లు మా తెలుగు బడి పాత వస్తువులు భద్రంగా దాచే గది ఒకటి తెరిచారు. చెల్లెలు ఆ బడిలోనే చదివి, అక్కడే పంతులమ్మ అయిన మనిషి కదా, ఆమెవి కూడా కావాలన్నారు. ఆమె పోయాక అన్నీ ఇచ్చాను. చీరల డబ్బాల మీది బొమ్మల కాగితంతో అట్టలేసిన నోటుపుస్తకాలు, జడ రిబ్బన్లు, ఆ కార్డు కూడా.

అమ్మానాన్న పోయాక దాన్ని సూరత్ తెచ్చుకుని పెంచింది నేనే. మా ఆయన సాంచాల మీద బట్ట నేసే పనికి పోయేవాడు, నేను ఇంట్లో చీరలకు లేసు కుట్టేదాన్ని. కార్డు వచ్చినప్పుడల్లా నా బొటనవేలికి సిరా పూసి, తనే పట్టి ఒత్తించేది. “కదలకే అక్కా! నీ ఏలు మ్యాకపిల్ల లెక్క ఎగురుతది” అని కసిరేది.

మొన్న ఆ గదికి పోతే, చూసుకునే పెద్దాయన కార్డు నా ముందు పెట్టాడు.

“ఇవన్నీ నీ ఏలిముద్రలేనా అమ్మా? కింద నీ పేరు రాస్తం.”

నాలుగో తరగతిది. వరసగా నా వేళ్లు. మధ్యలో ఒకటి మాత్రం చింతగింజంత. దాని పక్కన లెక్కలకు ఎర్రసిరా. నాకు అక్షరాలు సరిగ్గా రావు గాని ఎర్రసిరా అంటే ఏందో తెలుసు. ఫెయిలైన సంగతి దాచి, దొంగపిల్ల తన వేలే ఒత్తింది! నవ్వు ఆగలేదు. అయినా “అన్నీ నావే” అనేశాను. పంతులమ్మ పరువు నేను తీస్తానా?

ఇంటికొచ్చి దాని కూతురికి చెప్పాను.

“అరే పెద్దమ్మా, మమ్మీ నా దొంగ సంతకం పట్టుకుని ఎంత కొట్టిందో నీకెరుకేనా!”

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత లేసు కుడుతుంటే మనసు ఊరుకోలేదు. ఆ గదిలో దాని రాత ఉంది, రిబ్బన్లు ఉన్నాయి. దాని ఒంటి గుర్తు మాత్రం ఆ చిన్న వేలొక్కటే. దాని కింద నా పేరు పడితే చెల్లెల్ని నేనే చెరిపేసినట్టు. అందుకే ఆ పెద్దాయనకు దాని కూతురితో చీటీ రాయిస్తున్నాను: మధ్యలోది నాది కాదు, దానిది.

బిడ్డా, మీ అమ్మను దొంగ అని రాయలేదు కదా? ఏదీ, జర చదివి వినిపియ్యి.