చేపల మార్కెట్ మంచు

కోకుమ్ పోయారన్న కబురు మొన్న ఆగస్టులో వచ్చింది. వంటగదిలో వంజరం ముక్కలు కడుగుతున్నాను, కెనడా నుంచి వాళ్లమ్మాయి మెసేజ్. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ చేతుల నీచు ముక్కుకి తగిలేసరికి ఫక్కున నవ్వొచ్చేసింది. నాకు మతిపోయిందనుకున్నారు మా ఆయన. ఎందుకు నవ్వానో చెప్తాను.

దుబాయ్ దగ్గరి ఈ ఫుజైరాలో మా ఎదురు ఫ్లాట్ ఆవిడది. ఇక్కడి బడిలో టీచరు. కెనడా అంటే అందరూ తెల్లవాళ్లే అనుకునేదాన్ని. "మేం క్రీ వాళ్లం. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ నేల మీదే ఉన్నాం" అన్నారు. వాళ్లలో అమ్మమ్మని కోకుమ్ అంటారట. మా పాప మొదటి రోజు నుంచే అలా పిలిచింది. ఇంకేముంది, నేనూ అంతే!

నన్ను ఆటపట్టించందే ఆవిడకి పొద్దు గడిచేది కాదు. హాస్పిటల్లో డ్యూటీ దిగి ఈసురోమంటూ మెట్లెక్కుతుంటే, "అమ్మాయ్, ఆ ముఖం చూసి కూడా పేషెంట్లు బతుకుతున్నారా?" అనేవారు. లోపలికి లాగి, నూనెలో వేయించిన బ్యానక్ రొట్టె పెట్టేవారు. నేను మాగాయ నంజుకుని తింటే పడీపడీ నవ్వేవారు. తర్వాత తనూ అలాగే తినడం మొదలెట్టారు.

పాపకి మాత్రం కావలసింది కథ. వాళ్ల కథల్లో ఒక తుంటరివాడున్నాడట, ఎవరికి గొయ్యి తవ్వినా చివరికి తనే పడతాడట. ఆ ఒక్క ముక్క చెప్పి ఊరించి, "అవి చలికాలం కథలు. నేల మీద మంచుంటేనే చెప్పాలి" అనేవారు. ఫుజైరాలో మంచు! ఎంత బతిమాలినా లొంగలేదు. చిన్నప్పుడు బడిలో క్రీ మాట్లాడితే దెబ్బలు పడేవట. చలికాలంలో ఇంటికెళ్తే అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పిన ఆ కథల వల్లే భాష మిగిలిందట. "ఆవిడ మాట నేనెలా దాటను అమ్మాయ్?" అన్నారు.

ఒక డిసెంబరులో ఆవిడ ఉద్యోగం ఖలాస్. కొత్త ఏడాదిలో కెనడా ప్రయాణం. ఇక ఆ కథ ఎప్పటికీ వినలేనని పాప ఒకటే ఏడుపు. ఆ వారం సెలవురోజు పొద్దున చేపల మార్కెట్‌కి వెళ్తే, బల్లల కింద పొడికొట్టిన ఐసు గుట్టలు గుట్టలు. బుర్ర వెలిగింది. "భయ్యా, మచ్లీ నహీ, బరఫ్ దో!" అన్నాను, చేపలొద్దు, ఆ ఐసే ఇమ్మని.

నేనూ మా ఆయనా ఆ ఐసు సంచులు మోసుకొచ్చి, రెండు గుమ్మాల మధ్యా పరిచి బెల్లు కొట్టాం. కోకుమ్ తలుపు తీసి ఆ ఐసుకేసి చూశారు. వాళ్ల ఆచారాన్ని వెక్కిరించానేమోనని హడలిపోయాను. ఆవిడ ముక్కు ఎగబీల్చారు.

"నేల తెల్లగా ఉండాలంది మా అమ్మమ్మ. చేపల కంపు కొట్టకూడదని మాత్రం ఎక్కడా అనలేదు!"

కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఐసులో పాదాలు పెట్టి మొదలుపెట్టారు. ముందు క్రీలో, తర్వాత ఇంగ్లీషులో. మాకు కడుపులు చెక్కలయ్యాయి. ఐసు నీళ్లయ్యాక, "ఎకోసి" అన్నారు. అయిపోయింది అని. "ఇక ఇది నీది కూడా. కానీ చలికాలంలోనే, మంచుంటేనే" అని పాప బుగ్గ గిల్లారు.

వెళ్లేరోజు, వీడ్కోలుకి తమ భాషలో మాటే లేదన్నారు. మళ్లీ కలుద్దామనే అంటారట. మేమూ వెళ్లొస్తామనే అంటామన్నాను. నా చేత ఆ మాట పలికించుకుని నేర్చుకుని, "అయితే వెళ్లొస్తాను" అని మరీ వెళ్లారు.

ఆగస్టులో కబురు తెలియగానే పాప ఆ కథ చెప్పబోయి నోరు మూసేసుకుంది. "ఇప్పుడు కాదు మమ్మీ, డిసెంబరు రానీ." ఆ పట్టుదల చూసి మురిసిపోయాను. ఇది రాయడానికి నేనూ అంతదాకా ఆగాను.

నిన్న మళ్లీ ఐసు పరిచాం. బిల్డింగు పిల్లలంతా చేరారు. తెలుగూ హిందీ కలిపి పాప కథ చెప్తుంటే ఒకటే కేరింతలు. చివర "ఎకోసి" అంది. ఒక్కరూ లేవలేదు. కోకుమ్ ఉన్న ఫ్లాట్లో ఇప్పుడుంటున్న బుడ్డోడు, తన గుమ్మం దగ్గర, సరిగ్గా ఆవిడ పాదాలు పెట్టిన చోట, కరగకుండా మిగిలిన చారెడు ఐసు చూపించాడు.

"దీదీ, ఇంకా మంచుంది!"

పాప నవ్వి, మళ్లీ కూర్చుంది.