మంచులో మెట్టెలు

కెనడాలోని ఒషావాలో నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఉండే అంకుల్‌కి మెటల్ డిటెక్టర్ పిచ్చి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవులు వాళ్లు. ఆదివారం చర్చి అయిపోగానే ఆ పొడుగు కర్ర మిషను పట్టుకుని లేక్ ఒడ్డుకు బయల్దేరేవారు, ఎంత చలైనా సరే. పార్కుల్లో నేల గడ్డకట్టి తవ్వనివ్వదు గానీ ఇసుక కొంచెం మాట వింటుందనేవారు. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయని ఇంకో జత చొక్కా లోపల పెట్టుకునేవారు. ఆంటీకి మోకాళ్ల నొప్పులు కాబట్టి తోడు నేను. మిషను ఆయనది, తవ్వడం నాది. దొరికినవన్నీ కూల్‌డ్రింక్ మూతలూ మేకులే. అయినా మిషను కూసినప్పుడల్లా నా గుండె ఝల్లుమనేది. ఆ ఊళ్లో నాకు అంతకన్నా సంతోషం వేరే లేదు.

క్లాసులు లేని రోజుల్లో వేర్‌హౌస్‌లో పని. ఊరినిండా నాలాంటి స్టూడెంట్లే, షిఫ్టు దొరకడమే గగనం. ముక్కు దగ్గర స్టీలు పెట్టిన సేఫ్టీ బూట్లు అక్కడ తప్పనిసరి. వాటిలో మెట్టెలు వేళ్లను కొరికేసేవి. షిఫ్టుకు ముందు తీసి కోటు జేబులో వేసుకునేదాన్ని. నా ఒంటిమీద పెళ్లి గుర్తు అవే. బంగారం అంత దూరం ఎందుకని పుస్తెలతాడు అత్తమ్మ దాచింది.

ఆ చలికాలమే, ఇండియాలో ఉన్న మా ఆయన నా దగ్గరికి రావడానికి పెట్టుకున్న స్పౌజ్ వర్క్ పర్మిట్ రిజెక్ట్ అయింది. మా పెళ్లి నిజమైనదన్న నమ్మకం ఆఫీసరుకు కుదరలేదట. ఆయన నా పాదం పట్టుకుని మెట్టెలు తొడుగుతున్న ఫొటో కూడా పంపాం. ఇంకేం చూపాలో నాకు తెలియలేదు. ఆయనకు ఫోన్ చేశాను.

"నువ్వన్న నమ్ముతున్నవా?" అని అడిగాడు.

ఏడుపొచ్చి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత మా మాటలు ‘తిన్నవా’, ‘తిన్న’ దగ్గరే ఆగిపోయేవి.

వారం తిరక్కుండానే మెట్టెలు పోయాయి. బస్‌స్టాప్‌లో జేబులోంచి గ్లవ్స్ లాగినప్పుడు వాటితోపాటు జారిపడ్డట్టున్నాయి. చూసుకున్నది బస్సెక్కాక. అవి దొరికితే ఆయనకు ఫోన్ చేసి, నమ్ముతున్నానని చెప్పాలనుకున్నాను. చాదస్తమే. కానీ అప్పుడు పట్టుకోవడానికి నాకు వేరే ఏమీ లేదు.

సంగతి చెబితే అంకుల్ మారుమాట లేకుండా మిషను తీశారు. మంచులో పడింది మంచులోనే ఉంటుందనీ చేత్తోనే తీయొచ్చనీ ధైర్యం చెప్పారు. వెండికైతే సన్నగా, తేటగా కూస్తుందట. నా వస్తువు నేనే వెతుక్కోవాలని ఆ రోజు మిషను నా చేతికిచ్చారు. బస్‌స్టాప్ దగ్గర ఒక అడుగు వేశానో లేదో కూసింది. కూలబడి మంచు తోడాను. ఏమీ లేదు. పక్కకు జరిగితే మళ్లీ కూసింది, మళ్లీ తోడాను. సన్నమో లావో తేడా తెలిసే స్థితిలో నేను లేను, ప్రతి కూతా నాకు వెండిలాగే వినిపించింది. చేతులు మొద్దుబారిపోయాయి. అంకుల్ నా కాళ్లవైపు చూశారు.

"అది నీ బూట్లకి అరుస్తోందమ్మా," అన్నారు మెల్లగా.

నాకున్న బూట్లు అవే. వాటికోసమే మెట్టెలు తీశాను, ఇప్పుడు ఆ మెట్టెల్ని వినపడనివ్వనివీ అవే. ఒళ్లు మండిపోయింది. లేసులు పీకి బూట్లు అవతలికి విసిరేశాను. అంకుల్ వద్దంటున్నా వినకుండా సాక్సులతోనే మంచులో నిలబడి, స్టాపు చుట్టూ అంగుళం వదలకుండా మిషను తిప్పాను.

ఒక్క కూత లేదు. మంచు తోసే బండి ఎప్పుడో ఊడ్చుకుపోయి ఉంటుందని అంకుల్ తనలో తను అనుకున్నట్టు అన్నారు. నేను ఇంకో చుట్టు తిరిగాను. బూట్లున్నంతసేపూ కనీసం ఆశ ఉండింది.

"కాళ్లు పాడైపోతాయి, వేసుకో తల్లీ," అని అంకుల్ నా బూట్లు తెచ్చి నా ముందు పెట్టారు.

వేసుకున్నాను. మిషను ఇంకా ఆన్‌లోనే ఉంది. నా పాదాల దగ్గర మళ్లీ కూయడం మొదలుపెట్టింది. ఆపబుద్ధి కాలేదు. మా ఆయనకు ఆ రోజు ఫోన్ చేయలేదు. మర్నాడూ చేయలేదు.